బోర్లించిన గ్లాసు

పావుతక్కువ పదకొండుకి నక్షాల ఆఫీసులో కలాలు ఆగిపోయేవి. రెండో అంతస్తులో పొడుగాటి హాలు, కిటికీల వెంట పద్నాలుగు ఏటవాలు బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక పాత నక్షా, దానిమీద పరిచిన పల్చటి ట్రేసింగు గుడ్డ, ఆ గుడ్డ మీదికి వంగిన ఒక తల. ఆ తలలన్నీ ఒకేసారి పైకి లేచేవి. పాత నక్షాలు చిరిగి ముక్కలయ్యేలోగా వాటిని గీతకి గీత కొత్త గుడ్డ మీదికి ఎత్తడం వాళ్ళ పని. మెడలు పట్టేసేవి, కళ్ళు మండేవి. పావుతక్కువ పదకొండు అనేది లేకపోతే ఆ పద్నాలుగు మందిలో సగం మందికి పిచ్చెక్కేదని నా నమ్మకం.

టీ మాత్రం హాల్లోకి రాకూడదు. గుమ్మం ఇవతలికి చుక్క కూడా రావడానికి వీల్లేదు. బయట వరండాలో ఒక బల్ల, దానిమీద కింది క్యాంటీను నుంచి తెప్పించిన పెద్ద ఫ్లాస్కు, చక్కెర డబ్బా, గోడకి కొట్టిన చెక్క మీద వరసగా పద్నాలుగు గాజు గ్లాసులు. నక్షాలు గీసేవాళ్ళ గ్లాసులు కదా, వాటి మీద పేర్లుండవు. ఒకదాని మీద బావి గుర్తు, ఒకదాని మీద రైలు పట్టా, ఒకదాని మీద కొండ. నక్షాల్లో వాడే గుర్తులే ఎవరివి వాళ్ళు చెరగని సిరాతో వేసుకున్నారు.

ఈ కథ ఆ హాల్లో ముప్ఫై మూడేళ్ళు పనిచేసిన ఒకావిడది. చివరి నాలుగేళ్ళు ఆమె అక్కడ సూపరింటెండెంటు. వెనకాల అందరూ గడియారమ్మ అనేవారు. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. పడి, లోలోపల మురిసిపోయింది. పేరు పెట్టారంటే తన పద్ధతి నచ్చిందనుకుంది మహాతల్లి.

ఆమె పక్క బల్ల మనిషిని చక్కెరక్క అనేవారు. ఆ పేరు మాత్రం అందరూ ఎదురుగానే పిలిచేవారు. టీ పోసేది ఆవిడే. ఎవరూ పురమాయించలేదు, చేరిన కొత్తలో ఒకరోజు ఫ్లాస్కు మూత బిగుసుకుపోతే తీసింది, తీసింది కదా అని పోసింది, అంతే, ఇరవై తొమ్మిదేళ్ళు పోస్తూనే ఉంది. పద్నాలుగు మందిలో ఎవరికి చెంచా, ఎవరికి అర, ఎవరికి అసలు వద్దు, అన్నీ ఆవిడ చేతికి తెలుసు. ఒకాయనకి డాక్టరు చక్కెర మానమన్నాడని ఆయన భార్య కంటే ముందు చక్కెరక్కకే తెలిసింది. గడియారమ్మకి ఒకటిన్నర చెంచా. ఆ అర చెంచా తర్వాత గ్లాసు అంచుకి చెంచాని ఒకసారి టింగుమనిపించి ఇచ్చేది.

ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఒకే వయసు. ఏమే అంటే ఏమే అనుకునే చనువు. వాళ్ళ స్నేహం ఎలా కుదిరిందో చెప్పాలంటే ఒక చెరువు గురించి చెప్పాలి.

చేరిన మూడో వారంలో గడియారమ్మకి, అప్పటికింకా గడియారమ్మ కాదు, బక్కపలచని కొత్త పిల్ల, ఒక ఊరి నక్షా ఇచ్చారు. ఉన్నది ఉన్నట్టు దించమన్నారు. ఆమె ఉన్నది ఉన్నట్టే దించింది. ఊరి మధ్యలో గుండ్రంగా ఒక గీత కనిపించింది. నీలం సిరా తీసి శ్రద్ధగా చెరువు గీసింది, లోపల నీళ్ళకి సన్న గీతలు కూడా పెట్టింది. విరామానికి లేచిన చక్కెరక్క అటుగా వెళ్తూ వంగి చూసింది.

"ఏమే, ఈ చెరువెక్కడిదే?"

"ఉందిగా, అదిగో. కళ్ళు కనబడట్లేదా?"

చక్కెరక్క గుడ్డ ఎత్తి పాత నక్షాని వెలుతురుకి పెట్టి చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అది చెరువు కాదే తల్లీ. ఏ మహానుభావుడో టీ గ్లాసు పెట్టిన మచ్చ. నీ చెరువులో ఇరవై ఇళ్ళు మునిగిపోయాయి చూడు."

గడియారమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గుడ్డ సాయంత్రం అచ్చుకి వెళ్ళాలి. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. ఏడుపు మొహం పెట్టింది. చక్కెరక్క కుర్చీ లాక్కుని, బ్లేడు సగానికి విరిచి, సిరాని పొడిపొడిగా గీకడం మొదలుపెట్టింది. గట్టిగా గీకితే గుడ్డ చిరుగుతుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి గంటసేపు కూర్చున్నారు. విరామం అయిపోయింది, అందరూ వచ్చి కూర్చున్నారు, టీ చల్లారిపోయింది. అప్పటి సూపరింటెండెంటు ఒక ముసలాయన, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని వచ్చి ఏం జరుగుతోందిక్కడ అన్నాడు.

"నా కలం కక్కిందండీ. ఈమె గుడ్డ మీద పడింది. తప్పు నాదే," అంది చక్కెరక్క, తల ఎత్తకుండా.

ఆయన రెండు చివాట్లు పెట్టి వెళ్ళాడు. ఇరవై ఇళ్ళూ నీళ్ళలోంచి బయటపడ్డాయి. ఆ సంగతి చక్కెరక్క ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కరితోనూ అనలేదు. మర్నాడు మాత్రం గడియారమ్మ గ్లాసు మీద చిన్న గుండ్రటి చెరువు గుర్తు వేసి ఉంది. ఎవరైనా అదేంటని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవారు. చక్కెరక్క గ్లాసు మీద చెట్టు.

తర్వాత చాలా ఏళ్ళకి ఇంకొకమ్మాయి చేరింది. అందరికంటే చిన్నది కాబట్టి చిన్నది అనే పిలిచారు, ఇప్పుడు జుట్టు నెరిసినా చిన్నదే. ఆ అమ్మాయికి రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నెల తప్పినప్పుడు భయంతో ఎవరికీ చెప్పలేదు. కానీ టీ వాసన పడేది కాదు. వరండాలో నిలబడి గ్లాసు పట్టుకుని నీలుక్కుపోయేది. మన వాళ్ళ సంగతి తెలుసు కదా, ఏంటి టీ మానేశావు, విశేషమా, ఎన్నో నెల, మా మరదలికి కూడా ఇలాగే, అని చుట్టూ చేరి పీక్కుతినేవారు. ఆ పిల్ల మెట్ల దగ్గరికి పోయి ఏడ్చేది.

చూడలేక చక్కెరక్క, గడియారమ్మ కూర్చుని ఒక పద్ధతి పెట్టారు. టీ వద్దనుకున్నవాళ్ళు గ్లాసు బోర్లించాలి. బోర్లించిన గ్లాసు జోలికి ఎవరూ పోకూడదు. గడియారమ్మ రాత అచ్చక్షరాల్లా ఉండేది. దళసరి అట్ట మీద నల్ల సిరాతో రాసి గ్లాసుల పైన కొట్టింది: బోర్లించిన గ్లాసులో పోయరాదు. కారణం అడగరాదు.

ఆ అట్ట బాగా పనిచేసింది. చిన్నదాని గ్లాసు నాలుగు నెలలు బోర్లించే ఉంది, ఒక్కరు నోరెత్తలేదు. పిల్లాడు పుట్టాడు, నిక్షేపంలా ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఎవరికి తలనొప్పి వచ్చినా, ఇంట్లో పోట్లాడి వచ్చినా, ఊరికే మాట్లాడబుద్ధి కాకపోయినా గ్లాసు తిరగేసేవారు. అందరికీ హాయిగా ఉండేది. అంత మంచి పద్ధతి ఇంకో ఆఫీసులో ఉందని నేను వినలేదు.

ఇరవై తొమ్మిదో ఏట గడియారమ్మని సూపరింటెండెంటు చేశారు. అంతకుముందున్నాయన మెతక మనిషి. విరామం పావుగంటైతే ఆయన హయాంలో అది అరగంటయింది, ఒక్కోరోజు ముప్పావుగంట. పై అధికారి గడియారమ్మని తన గదిలోకి పిలిచి చెప్పాడు. "మీ సెక్షన్లో టీ ఎక్కువ, నక్షాలు తక్కువ. మీరైనా దారిలో పెట్టండి. ఇంకో మాట. మీకు అక్కడ స్నేహాలు ఎక్కువని విన్నాను."

ఆ ఆఖరి మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు బజారులో ఒక ఇత్తడి చేతిగంట కొనుక్కొచ్చి తన బల్ల మీద పెట్టింది. పావుతక్కువ పదకొండుకి ఒకసారి, పదకొండుకి ఒకసారి కొడతానంది. అందరూ తలలూపారు. చక్కెరక్క వరండాలో టీ కలుపుతూ, "బడి గంట కొట్టి బుద్ధిగా కూర్చోబెడతావన్నమాట," అని నవ్వింది. గడియారమ్మ నవ్వలేదు. నవ్వితే ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసింది.

గంట వచ్చిన మూడో రోజు. పదకొండుకి గంట కొట్టింది. పన్నెండు తలలు బల్లల మీదికి వంగాయి. పక్క బల్ల ఖాళీ. ఆమె తన చేతి గడియారం చూసింది, గోడ గడియారం చూసింది. పన్నెండు మంది కళ్ళూ గుడ్డల మీద ఉన్నా చెవులు గుమ్మం మీదే ఉన్నాయని ఆమెకి తెలుసు. పదకొండూ పన్నెండు నిమిషాలకి చక్కెరక్క వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో రుమాలు ఉండలా చుట్టుకుపోయి ఉంది. ఆ ఎరుపు గడియారమ్మ చూసింది. చూడలేదని తర్వాత ఎన్నిసార్లో తనకి తను చెప్పుకుంది గానీ, చూసింది.

"పన్నెండు నిమిషాలు," అంది అందరికీ వినబడేలా. "నాకు కావలసినవాళ్ళకి ఒక గడియారం, మిగతావాళ్ళకి ఒక గడియారం ఉండదు ఇక్కడ."

హాల్లో ఒక్క కలం కదల్లేదు. చక్కెరక్క ఏదో చెప్పబోయింది. గడియారమ్మ హాజరు పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో గీత పెట్టడం మొదలుపెట్టింది. ఆ గీత పూర్తయ్యేదాకా నిలబడి, చక్కెరక్క, "సరే మేడమ్," అంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ నోటి నుంచి తనకి ఆ పిలుపు రావడం అదే మొదటిసారి. గడియారమ్మకి లోపల ఎక్కడో చివుక్కుమంది. ఐనా మొహం చెక్కుచెదరకుండా కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో జరిగింది చెప్పింది, కాస్త గొప్పగానే. ఆమె భర్త బడిపంతులుగా చేసి మానేసిన మనిషి, మాటలో మెత్తగా గుచ్చడం అలవాటు. పేపరు మడిచి పక్కన పెట్టి విన్నాడు.

"ఎందుకు ఆలస్యమైందట?"

"అడగలేదు."

"ఏం?"

"అడిగితే ఏదో చెప్తుంది. చెప్తే వదిలెయ్యాల్సొస్తుంది. ఆమెని వదిలేస్తే రేపు అందర్నీ వదిలెయ్యాలి."

"అంటే వదిలెయ్యాల్సినంత కారణమే ఉంటుందని నీకు తెలుసన్నమాట," అన్నాడాయన. ఆమె లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది.

మర్నాడు విరామంలో చెక్క మీద చెట్టు గుర్తు గ్లాసు బోర్లించి ఉంది.

చక్కెరక్క మామూలుగానే ఫ్లాస్కు మూత తీసింది. పదమూడు గ్లాసుల్లో పోసింది, ఎవరి చక్కెర వాళ్ళకి వేసింది. గడియారమ్మ గ్లాసులో ఒకటిన్నర. టింగుమనే చప్పుడు మాత్రం లేదు. అందరికీ ఇచ్చేసి వరండా పిట్టగోడ దగ్గరికి పోయి వట్టి చేతులతో నిలబడింది. గంట కొట్టగానే అందరికంటే ముందు లోపలికి వచ్చి కూర్చుంది. గడియారమ్మ అనుకుంది, కోపం వచ్చింది, రెండు రోజుల్లో అదే పోతుంది అని.

రెండు రోజుల్లో పోలేదు. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. ప్రతిరోజూ బోర్లించిన గ్లాసు, దాని పైన అట్ట, అట్ట మీద తను రాసిన అక్షరాలు. కారణం అడగరాదు. ప్రతిరోజూ ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఇవాళ అడుగుదామనుకునేది. వరండాలోకి రాగానే ఆ అట్ట కనబడేది, హమ్మయ్య అనుకునేది. తను రాసిన రూలు తనే తప్పితే ఏం బాగుంటుంది? అడగకపోవడమే మర్యాద. అలా తన పిరికితనానికి మర్యాద అని పేరు పెట్టుకుని, ఆ పేరు చాటున నిశ్చింతగా నిలబడింది. నాకు ఆవిడ మీద జాలి లేక కాదు ఈ మాటంటున్నది. తర్వాత ఆవిడే తనని తను ఇంతకంటే ఎక్కువ మాటలంది.

ఒకరోజు అందరూ తాగేసి గ్లాసులు కడిగి పెట్టి లోపలికి వెళ్ళారు. గంటకి ఇంకా రెండు నిమిషాలుంది. వరండాలో ఇద్దరే మిగిలారు. చక్కెరక్క చెంచాని గుడ్డతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. చక్కెర డబ్బా మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ముందు మాట ఎవరు మొదలుపెడతారా అని చూస్తున్నట్టుంది. గడియారమ్మ గొంతు దాకా వచ్చింది, ఏమైందే అని. ఆ మూడక్షరాల మాటకి నోరు పెగల్లేదు. గడియారం చూసుకుంది. ఇంకా నిమిషం ఉంది. ఆ నిమిషం అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళి గంట కొట్టేసింది.

సూపరింటెండెంటుగా చేసిన నాలుగేళ్ళలో ఆమె టైముకి ముందు కొట్టిన గంట అదొక్కటే.

ఆ తర్వాతి వారం చక్కెరక్క మూడు రోజులు సెలవు పెట్టింది. కాగితం మీద కారణం అన్న చోట సొంత పని అని రాసింది. గడియారమ్మ సంతకం పెట్టింది. తిరిగొచ్చాక మనిషి నల్లబడిపోయి ఉంది, మెడ దగ్గర ఎముకలు తేలాయి. గ్లాసు అలాగే బోర్లించి ఉంది. ఇంకో పది రోజులకి పై అధికారి దగ్గర్నుంచి బదిలీ కాగితం వచ్చింది. రెండు గంటల బస్సు దూరంలో ఉన్న చిన్న ఆఫీసుకి చక్కెరక్క తనే అడిగి వేయించుకుంది. వీడ్కోలు వద్దంది. చివరి రోజు కూడా పదమూడు గ్లాసుల్లో టీ పోసి, చెంచా కడిగి, తన బల్ల తుడిచి, సాయంత్రం అందరికీ వెళ్ళొస్తానని చెప్పింది. గడియారమ్మ బల్ల దగ్గరికొచ్చి, "వెళ్ళొస్తాను మేడమ్," అంది. "మంచిది," అంది గడియారమ్మ. ఏం మంచిదో ఆమెకే తెలియాలి.

గ్లాసు మాత్రం తీసుకెళ్ళలేదు. చెక్క మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరూ కదపలేదు. టీ ఎవరిది వాళ్ళే పోసుకోవడం మొదలుపెట్టారు. చక్కెర ఒకరోజు ఎక్కువయ్యేది, ఒకరోజు తక్కువయ్యేది. విరామం పదిహేను నిమిషాలు కూడా పట్టడం మానేసింది. ఎనిమిది నిమిషాల్లో తాగేసి వచ్చి కూర్చునేవారు. పై అధికారి మెచ్చుకున్నాడు. నక్షాలు పెరిగాయి.

గడియారమ్మ రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేసింది. ఆమే చేస్తుందిలే అనుకుంది. కోపం ఆమెది కదా అనుకుంది. భర్త అప్పుడప్పుడూ అడిగేవాడు, "మీ చక్కెరక్క ఎలా ఉంది?" అని. "బానే ఉంటుంది," అనేది. నాలుగేళ్ళు అలా బానే గడిచాయి.

ఆమె రిటైరయ్యే రోజు వరండాలో చిన్న సభ పెట్టారు, శాలువా కప్పారు, ఎవరో ఆమె సమయపాలన గురించి మాట్లాడారు. అందరూ వెళ్ళాక చిన్నది గ్లాసులు కడుగుతోంది. గడియారమ్మ తన చెరువు గుర్తు గ్లాసు తీసుకుందామని చెక్క దగ్గరికొచ్చింది. పక్కనే చెట్టు గుర్తుది బోర్లించి ఉంది. చుట్టూ సన్నటి దుమ్ము గుండ్రంగా పేరుకుంది.

"ఈ గ్లాసు నువ్వైనా ఆమెకి పంపించలేకపోయావా?" అంది.

"పంపిస్తానన్నాను మేడమ్. వద్దంది అక్క."

"మాట్లాడుతుంటావా?"

"నెలకోసారైనా మాట్లాడతాను. అక్కని పెంచిన పెద్దన్నయ్య పోయారు కదా, అప్పట్నుంచీ ఇంకా ఎక్కువ మాట్లాడుకుంటాం."

గడియారమ్మ చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. "ఎప్పుడు పోయారు?"

చిన్నది నీళ్ళు ఆపేసి తిరిగి చూసింది. నిజంగా తెలియదా అన్నట్టు చూసింది. "ఇక్కడున్నప్పుడే కదా మేడమ్. మీరు ఎర్ర గీత పెట్టిన రోజే ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. కింద గేటు దగ్గరికి ఫోనొచ్చింది. అక్క అక్కడే మెట్ల మీద కూలబడింది. నేనే మొహం కడిగించి ముందు పైకొచ్చాను. నెల తర్వాత పోయారు. ఆ మూడు రోజుల సెలవు అందుకే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేనా? నేను మీ కింద పనిచేసేదాన్ని. మీకు నేనేం చెప్తాను?" చిన్నది మళ్ళీ అంది, నెమ్మదిగా. "అక్కని నేనూ అడిగాను, చెప్పొచ్చు కదా అని. అడిగితే చెప్తానంది. రోజూ అదే మాట. ఇవాళ అడుగుతుందేమో చూద్దాం అనేది."

"నేను రూలని..." అంది గడియారమ్మ. తలెత్తి అట్ట వైపు చూసింది.

"ఆ రూలు నాకోసం పెట్టిందే కదా మేడమ్. అప్పుడు నా గ్లాసు నాలుగు నెలలు బోర్లించి ఉంది. అందరి ముందూ ఎవరూ అడగలేదు, నిజమే. కానీ అక్క రోజూ విరామం అయిపోయాక మెట్ల దగ్గర నన్ను ఆపి అడిగేది. ఎలా ఉందే, తిన్నావా, డాక్టరేమన్నాడు అని. ఒక్కరోజు మానలేదు. నేను బతికింది ఆ మాటతోనే. నలుగురి ముందూ అడగొద్దని రూలు పెట్టారు గానీ, అసలు అడగనే వద్దని కాదు కదా."

గడియారమ్మ అట్ట వైపే చూస్తూ ఉండిపోయింది. తన చేత్తో రాసిన రూలు. పదమూడేళ్ళు దాని కింద నిలబడి టీ తాగింది. దాని అర్థం ఇప్పుడు ఈ పిల్ల చెప్తే తెలిసింది. కారణం అడగరాదు అని రాసిన రోజునే చక్కెరక్క మెట్ల దగ్గర కారణం అడుగుతూ ఉంది. ఇద్దరూ కలిసి పెట్టిన పద్ధతే, ఒకావిడ దాన్ని ఒకలా పాటించింది, ఇంకొకావిడ ఇంకొకలా.

ఆ రాత్రి భర్తకి చెప్పింది. ఆయన ఈసారి గుచ్చలేదు. "వెళ్ళి రా," అన్నాడు. "ఏమంటుందో ఏమో," అంది. "తిడుతుంది. తిట్టించుకుని రా. తిట్టిందంటే నీ అదృష్టం."

వారం తటపటాయించి ఒక ఆదివారం ఉదయం బస్సెక్కింది. చెట్టు గుర్తు గ్లాసుని కడిగి, పాత ట్రేసింగు గుడ్డ ముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుంది. రెండు గంటలూ దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. వెళ్ళగానే గ్లాసు చేతిలో పెట్టి, ఏమైందే ఆ రోజు, అని అడగాలి. నాలుగేళ్ళ ఆలస్యం, పన్నెండు నిమిషాల కంటే చాలా పెద్దది, నాకు కూడా ఎర్ర గీత పెట్టు అనాలి. అది వినగానే చక్కెరక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుందని కూడా ఊహించుకుంది. చెరువు చూసినప్పుడు నవ్విందే, అలా.

రెండు గదుల ఇల్లు, శుభ్రంగా ఉంది. తలుపు తీసింది చక్కెరక్కే. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూసింది.

"రండి మేడమ్. రండి. ఇంత దూరం వచ్చారు. కూర్చోండి."

తిట్టలేదు. మొహం తిప్పుకోలేదు. కుర్చీ జరిపింది, పంకా వేసింది, మంచినీళ్ళిచ్చింది. భర్త ఆరోగ్యం అడిగింది. రిటైరయ్యారటగా, చిన్నది చెప్పింది, విశ్రాంతి తీసుకోండి ఇక, అంది. ప్రతి మాటా పద్ధతిగా ఉంది. గడియారమ్మ నాలుక మీదికి నువ్వు అన్న మాట వస్తోంది, ఎదుటి మర్యాద చూసి మళ్ళీ లోపలికి పోతోంది.

"టీ పెడతాను," అని చక్కెరక్క లోపలికి వెళ్ళింది. స్టవ్వు వెలిగిన చప్పుడైంది. గిన్నె పెట్టిన చప్పుడైంది. గడియారమ్మ సంచి ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ ముడి విప్పుతూ ఉంది. లోపల్నుంచి గొంతు వినబడింది.

"మేడమ్, మీకు చక్కెర ఎంత వెయ్యమంటారు?"

గడియారమ్మ చేతులు ముడి మీదే ఆగిపోయాయి. మర్చిపోయి అడిగిందో, కావాలనే అడిగిందో ఆమెకి తెలియలేదు. ఏది నిజమైతే తక్కువ బాధో కూడా తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి గొంతులో వినబడకుండా కూడదీసుకుని, "ఒకటిన్నర," అంది.

టీ చుట్టాలకి ఇచ్చే కప్పులో, సాసరు మీద వచ్చింది. ఆ కప్పు చూశాక సంచిలోని గ్లాసు బయటికి తీయడానికి ఆమెకి చేతులు రాలేదు. విప్పిన ముడి మళ్ళీ వేసేసింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తాగారు. చక్కెర సరిగ్గా సరిపోయింది.

"అన్నయ్య సంగతి నాకు మొన్ననే తెలిసింది," అంది గడియారమ్మ చివరికి.

"అవునండీ. చాలా రోజులైంది కదా."

"ఆ రోజు నేను అడగాల్సింది. ఆ తర్వాతైనా అడగాల్సింది. వరండాలో ఒకసారి నువ్వు చెంచా తుడుస్తూ నిలబడ్డావు. అప్పుడైనా అడగాల్సింది."

చక్కెరక్క కప్పు కింద పెట్టింది. ఆ మొహంలో ఏదో కదిలింది. పక్క బల్ల మీదినుంచి ఇరవై తొమ్మిదేళ్ళు చూసిన మొహం ఒక్కసారి అలా వచ్చినట్టనిపించింది.

"అడిగుంటే చెప్పేదాన్నే నీకు," అంది.

గడియారమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. ఇంకో మాట వస్తుందని ఎదురుచూసింది. చక్కెరక్క లేచి రెండు కప్పులూ తీసుకుని లోపల పెట్టి వచ్చింది. వచ్చేటప్పటికి మొహం మళ్ళీ సర్దుకుంది.

"మీ బస్సుకి టైమవుతుందేమో మేడమ్," అంది.

ఆ ఊరి నుంచి సాయంత్రం దాకా గంటకో బస్సుంది. గడియారమ్మకి ఏ బస్సూ అందుకోవాల్సిన పని లేదు, ఇంట్లో త్వరగా వస్తానని చెప్పి రాలేదు కూడా. "అవును, అవుతుంది," అంది, అలవాటుగా చేతి గడియారం చూసుకుని. సంచి భుజానికి తగిలించుకుని లేచింది.